నలభై ఎనిమిది యంత్రాలకు ఒకే రాత

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ప్రధాన ప్రాంగణంలో 36 యంత్రాలు, నలభై కిలోమీటర్ల అవతల రెండో ప్రాంగణంలో 12 ఉన్నాయి. అన్నీ లినక్సే. కొత్త సాఫ్ట్‌వేర్ కావలసినప్పుడల్లా ఒక స్క్రిప్టు రాసి, ఒక్కో యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి భద్రంగా లాగిన్ అయ్యే మార్గం) ద్వారా వెళ్లి నడిపిస్తున్నాను. మొన్నటి ప్రాక్టికల్ పరీక్షలో ఏడు యంత్రాల్లో పైథాన్ పాత వెర్షన్ ఉండి విద్యార్థుల ప్రోగ్రాములు నడవలేదు. ఒక అమ్మాయి ఏడ్చేసింది. నిక్స్‌ఓఎస్ అనే లినక్స్‌లో యంత్రం మొత్తాన్ని ఒక ఫైలులో రాసుకుని, దూరాన ఉన్నవాటికి కూడా పంపవచ్చని విని ఒక పాత యంత్రంలో వేసి చూశాను. నచ్చింది. కానీ 48 యంత్రాలకు పంపాలంటే భయంగా ఉంది. రెండో ప్రాంగణంలో ఇంటర్నెట్ నెమ్మది. మధ్యలో సంబంధం తెగిపోతే ఎలా? పాస్‌వర్డులు ఎక్కడ దాచాలి? ఎక్కడ మొదలుపెట్టమంటారు?
— ఒక ల్యాబ్ నిర్వాహకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఆ అమ్మాయి సంగతి చదివాక మీ ఉత్తరాన్ని పక్కన పెట్టలేకపోయాను. ఆమె ప్రోగ్రాములో తప్పు లేదు. ఆమెకు దక్కిన యంత్రం పక్క విద్యార్థికి దక్కిన యంత్రంలా లేదు, అంతే. ఏ కుర్చీలో కూర్చున్నా ఒకే యంత్రం దొరకాలి. ల్యాబ్ చూసుకునేవారు విద్యార్థులకు చేయగలిగిన న్యాయం అది. మీరు భయపడుతూనే ఆ న్యాయం చేయాలనుకుంటున్నారు. అందుకే ఈసారి శీర్షికలో ఎక్కువ చోటు మీకే ఇస్తున్నాను.

స్క్రిప్టులతో నేను పదిహేనేళ్లు పనిచేశాను. స్క్రిప్టు ‘ఈ పని చేయి’ అంటుంది, ‘ఇలా ఉండు’ అనదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా ఇంట్లో ముగ్గురు వచ్చి తలా ఒక చెంచా ఉప్పు వేసి వెళితే ఏమవుతుందో మీకు తెలుసు. అప్పటికే గిన్నెలో ఏముందో స్క్రిప్టు కూడా చూడదు. ఆ రోజు కరెంటు లేక ఆగి ఉన్న యంత్రానికి మాత్రం ఆ ఒక్క చెంచా కూడా అందదు. మీ ఏడు యంత్రాలకు జరిగింది ఇదే అయి ఉంటుంది. చాలా యంత్రాలను ఒక జాబితా ప్రకారం సర్దే ఆన్సిబుల్ లాంటి సాధనాలు రుచి చూశాకే ఉప్పు వేస్తాయి, అందుకే అవి స్క్రిప్టు కంటే ఎంతో మేలు. అయితే మీ జాబితాలోంచి ఒక ప్యాకేజీ పేరు కొట్టేసినంత మాత్రాన, నిన్న వేసినదాన్ని అవి తీయవు. ‘ఇది ఉండకూడదు’ అని విడిగా రాయాలి. మనం కొట్టేసి మరిచిపోయినవన్నీ యంత్రాల్లో ఏళ్ల తరబడి పేరుకుంటాయి.

నిక్స్‌ఓఎస్‌కు పునాది అయిన నిక్స్ దారి వేరు. ఏల్కో డోల్‌స్ట్రా అనే పరిశోధకుడు నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 2003లో మొదలుపెట్టి, 2006లో తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంగా సమర్పించిన ఆలోచన ఇది. ప్రతి ప్యాకేజీ ‘నిక్స్ స్టోర్’ అనే ఒక్క చోట, తనకంటూ ఉన్న ఫోల్డరులో కూర్చుంటుంది. ఆ ఫోల్డరు పేరు మొదట్లో 32 అక్షరాల హ్యాష్ అనే గుర్తు ఉంటుంది. ఆ ప్యాకేజీ తయారీలోకి వెళ్లిన ప్రతి ముడిసరుకూ కలిసి ఆ హ్యాష్ అవుతుంది కాబట్టి, పైథాన్ పాతదీ కొత్తదీ ఒకదానినొకటి తొక్కుకోకుండా పక్కపక్కనే ఉండగలవు. మీరు రాసిన ఫైలు నుంచి యంత్రం మొత్తం ఇలాగే తయారవుతుంది. అలా తయారైన ప్రతి రూపాన్నీ ఒక ‘జనరేషన్’ అంటారు. పాత జనరేషన్లు చెరిగిపోవు, బూట్ మెనూలో వరుసగా కనబడతాయి. ఫైలులోంచి ఒక పేరు కొట్టేస్తే తరువాతి జనరేషన్‌లో అది ఉండదు. మీ సమస్యకు మందు ఈ ఒక్క గుణమే.

ఇక పని. ముందు మీ రాతను మూడు పొరలుగా విడదీయండి. 48 యంత్రాలకూ చెల్లేది ఒక ఫైలు, ప్రాంగణానికి ఒకటి, యంత్రానికి ఒక చిన్నది. ఆ చిన్న ఫైలులో యంత్రం పేరు, నెట్‌వర్క్ చిరునామా తప్ప ఇంకేదైనా చేరుతోందంటే ఆగి ఆలోచించండి. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. నిక్స్‌ఓఎస్ వేసినప్పుడు యంత్రంలో తానే పుట్టించుకునే హార్డ్‌వేర్ ఫైలులో డిస్కు భాగాల గుర్తింపు సంఖ్యలు ఉంటాయి. ఒకే బిల్లు మీద కొన్న 36 యంత్రాలకైనా అవి వేరువేరుగా వస్తాయి. డిస్కు భాగాలకు మీరే ఒక పేరు పెట్టి, ఫైలులో సంఖ్యకు బదులు ఆ పేరు రాయండి. అప్పుడు ఒకే హార్డ్‌వేర్ ఫైలు 36 యంత్రాలకూ సరిపోతుంది.

ఈ ఫైళ్లన్నీ, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంచి, ‘ఫ్లేక్’ రూపంలో పెట్టుకోండి. ఫ్లేక్‌లను నిక్స్ ఇంకా ప్రయోగాత్మకమనే పిలుస్తోంది. అయినా నేను నిస్సంకోచంగా చెబుతున్నాను, కారణం దానితో వచ్చే లాక్ ఫైలు. ప్యాకేజీల భాండారం ఏ క్షణంలో ఎలా ఉందో లాక్ ఫైలు పట్టి ఉంచుతుంది. దానిని మీరు కదిపేవరకు ఫైలు నుంచి యంత్రం రూపాన్ని జూన్‌లో కట్టినా అక్టోబరులో కట్టినా అదే పైథాన్ వస్తుంది. ఒక జాగ్రత్త. కొత్తగా సృష్టించిన ఫైలును గిట్‌కు చేర్చకపోతే ఫ్లేక్‌కు అది కనబడదు. ‘ఫైలు అక్కడే ఉంది కదా, లేదంటుందేమిటి’ అని నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరూ ఒక్కసారైనా అడిగారు.

పంపడం మీ బల్ల దగ్గర నుంచే. మొదటి వారం ఏ అదనపు సాధనమూ వద్దు. నిక్స్‌ఓఎస్‌తో వచ్చే రీబిల్డ్ కమాండ్‌కే ‘టార్గెట్ హోస్ట్’ అని చెప్పి ఒక్క యంత్రానికి పంపండి. కట్టడం మీ యంత్రంలో జరుగుతుంది, తయారైన సరుకు ఎస్‌ఎస్‌హెచ్ మీద అవతలికి వెళ్తుంది. రూట్ (యంత్రం మీద సర్వాధికారాలున్న లాగిన్) కాని లాగిన్‌తో పంపితే, నమ్మదగిన సంతకం లేదంటూ అవతలి యంత్రం సరుకును తిప్పికొట్టవచ్చు. అప్పుడు మీ లాగిన్‌ను ‘నమ్మిన వాడుకరుల’ జాబితాలో చేర్చమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. ఆ జాబితాలో ఉన్నవారికి దాదాపు రూట్ అధికారమే వస్తుంది. మీరు కట్టే యంత్రంలో ఒక సంతకపు తాళంచెవిని పుట్టించి, దాని బహిరంగ భాగాన్ని అన్ని యంత్రాల ఉమ్మడి ఫైలులో రాయండి. అరగంట పని. ఈ తాళంచెవితో ఇంకో ఉపయోగం ఉంది, రెండో ప్రాంగణం దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

యంత్రాలు పది దాటాక కోల్మెనా అనే సాధనం చేతికి తీసుకోండి. ప్రతి యంత్రానికి గుర్తులు తగిలించవచ్చు: ప్రధాన ప్రాంగణం, రెండో ప్రాంగణం, పరీక్ష గది, సర్వరు. గుర్తు చెబితే ఆ గుంపుకే పంపుతుంది, సాధారణంగా పదేసి యంత్రాలకు ఒకేసారి. ఆ వేగం చూసి మురిసిపోయి మొదటిసారే నలభై ఎనిమిదింటికీ పంపకండి. నా అలవాటు ఇది: ముందు నా బల్ల పక్కనున్న ఒక యంత్రం. ఒక రోజు దానిమీదే నేను పని చేస్తాను. తరువాత వేర్వేరు గదుల్లో మూడు. ఆ తరువాతే మిగిలినవి.

ఇప్పుడు మీ అసలు భయం గురించి. 2014లో నేను పనిచేస్తున్న సంస్థకు శ్రీకాకుళంలో ఒక శాఖ ఉండేది. ఒక రాత్రి హైదరాబాదులో కూర్చుని ఆ శాఖ సర్వరులో ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు మార్చాను, ఫైర్‌వాల్ నియమాలు కూడా మార్చాను. ఫైర్‌వాల్ ముందు అమల్లోకి వచ్చింది, కొత్త పోర్టు ఇంకా తెరుచుకోలేదు. తెరమీద అక్షరం కదలడం ఆగిపోయింది. మర్నాడు సాయంత్రం బస్సెక్కి, ఆ పైరోజు పొద్దున దిగి, సర్వరుకు కీబోర్డు తగిలించి ఒక్క వరుస సరిచేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఈలోగా ఆ శాఖలోవాళ్లు రెండు పనిదినాలు కాగితం మీద లెక్కలు రాసుకున్నారు, ఆ తరువాత ఆదివారం కూడా వచ్చి అవన్నీ ఎక్కించారు. వాళ్ల ఆదివారం నా చేతుల మీదుగా పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే దూరపు యంత్రానికి ఏది పంపినా, వెనక్కి వచ్చే దారి ముందే వేసుకుంటాను. నిక్స్‌ఓఎస్‌లో ఆ దారులు రెండు ఉన్నాయి. మొదటిది ‘టెస్ట్’ అనే పద్ధతి. ‘స్విచ్’ అంటే కొత్త జనరేషన్‌ను వెంటనే నడిపించి, బూట్‌కు కూడా అదే నిలుపుతుంది. ‘టెస్ట్’ అంటే నడిపిస్తుంది, బూట్ మాత్రం పాతదానికే వదిలేస్తుంది. సంబంధం తెగిపోతే రెండో ప్రాంగణం వాచ్‌మన్‌కు ఫోన్ చేసి, యంత్రం ఒకసారి ఆపి మళ్లీ వేయమంటే చాలు, నిన్నటి జనరేషన్‌తో లేస్తుంది. అంతా బాగుందని చూసుకున్నాక మీరు ‘స్విచ్’ ఇస్తారు. ఆ వాచ్‌మన్‌కు ఏ స్విచ్చో ముందే చూపించి ఉంచండి, వెళ్లినప్పుడల్లా పలకరించండి.

రెండోది డిప్లాయ్-ఆర్‌ఎస్ అనే సాధనంలో ఉంది. కొత్త రూపాన్ని నడిపించాక అవతలి యంత్రం, మీరు మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వచ్చి ‘నేను ఉన్నాను’ అని నిర్ధారించే దాకా ఎదురు చూస్తుంది. మామూలుగా 30 సెకన్లు. మీరు రాలేకపోతే, దారి మూసుకుపోయిందని అర్థం చేసుకుని తనంతట తాను పాత జనరేషన్‌కు వెళ్లిపోతుంది. ఇది 2014లో నా దగ్గర ఉండి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. మనుషులు అందుబాటులో లేని చోట ఉన్న సర్వరుకు నేను దీనినే వాడతాను. ల్యాబ్ యంత్రాలకు కోల్మెనా, టెస్ట్ పద్ధతి చాలు.

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. జనరేషన్ వెనక్కి వెళ్తే సాఫ్ట్‌వేర్, సెట్టింగులు వెనక్కి వెళ్తాయి, సమాచారం వెళ్లదు. మీ ల్యాబ్ సర్వరులో డేటాబేస్ ఉండి, కొత్త వెర్షన్ దాని ఫైళ్ల రూపం మార్చేస్తే, పాత వెర్షన్‌కు తిరిగి వచ్చినా ఆ ఫైళ్లు పాత రూపానికి రావు. విద్యార్థుల ఫైళ్లకూ డేటాబేసుకూ విడిగా బ్యాకప్ ఉండి తీరాలి. అలాగే కాన్ఫిగరేషన్‌లో ‘స్టేట్ వెర్షన్’ అనే వరుస చూసి, కొత్త విడుదల వచ్చింది కదా అని దాన్ని పెంచకండి. అది మీ యంత్రం పుట్టిన విడుదలను గుర్తుపెట్టుకునే వరుస.

ల్యాబ్‌కు ఇంకో చిక్కు ఉంది. సర్వరు ఎప్పుడూ మెలకువగా ఉంటుంది. ల్యాబ్ యంత్రాలు ఉండవు. మీరు పంపే వేళకు ఐదో వరుసలో నాలుగు ఆగి ఉంటాయి, మళ్లీ ఏడు యంత్రాల కథే. అందుకని నెలల తరబడి నడిచే పద్ధతిగా మీకు నేను పంపడం కంటే ‘తెచ్చుకోవడం’ సూచిస్తాను. నిక్స్‌ఓఎస్‌లో ఆటో అప్‌గ్రేడ్ అనే ఏర్పాటు ఉంది. ప్రతి యంత్రం మీ గిట్ భాండారాన్ని రోజూ తానే చూసుకుని, మారి ఉంటే మారుతుంది. వేళ చెప్పకపోతే తెల్లవారుజామున 4:40కి చూస్తుంది. ఆ వేళకు యంత్రం ఆగి ఉంటే, లేచాక తప్పిపోయిన ఆ పని చేస్తుంది. అన్నీ ఒకేసారి నెట్ మీద పడకుండా ఒక్కోదానికి కొంత ఆలస్యం కలపవచ్చు. ‘బూట్’ పద్ధతి ఎంచుకోండి, అప్పుడు పని మధ్యలో ఉన్న విద్యార్థి తెర కదలదు, కొత్త రూపం తరువాతి బూట్‌కు వస్తుంది. గిట్‌లో రెండు శాఖలు ఉంచండి. ఒకటి మీ ప్రయోగాలకు, మూడు యంత్రాలు మాత్రమే దాన్ని చూస్తాయి. రెండోది స్థిరమైనది, మిగిలిన 45 దాన్ని చూస్తాయి. ప్రాక్టికల్ పరీక్షలకు పది రోజుల ముందు నుంచి స్థిర శాఖను ఎవరూ ముట్టుకోకూడదు. ప్రిన్సిపాల్ గారు అడిగినా సరే, మర్యాదగా వద్దనండి.

నెమ్మది ఇంటర్నెట్ గురించి. మారని ప్యాకేజీ మళ్లీ ప్రయాణించదు, అవతల లేని ఫోల్డర్లే వెళ్తాయి. రోజువారీ మార్పులకు ఇది హాయి. కానీ అందరూ ఆధారపడే మూల లైబ్రరీ ఒకటి మారితే దాని మీద కట్టినవన్నీ కొత్త హ్యాష్‌తో మళ్లీ వస్తాయి, అప్పుడు గిగాబైట్లలో ఉంటుంది. 12 యంత్రాలకూ అదే సరుకు 12 సార్లు ఆ సన్నని దారిలో వెళ్లనివ్వకండి. అక్కడ ఒక యంత్రాన్ని రాత్రింబవళ్లు నడవనిచ్చి, రాత్రిపూట దానికి ఒక్కదానికే పంపండి. అందులో, తన స్టోర్‌లోని సరుకును ఇతర యంత్రాలకు అందించే నిక్స్-సర్వ్ నడిపిస్తే, మిగతా పదకొండూ ప్రాంగణం లోపలి నెట్‌వర్క్ మీద దాని దగ్గరే తెచ్చుకుంటాయి. పేరు, చిన్నచిన్న ఫైళ్లు తప్ప వాటన్నిటి సరుకూ ఒకటే కదా. ఇందాక చెప్పిన సంతకపు తాళంచెవి ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. సంతకం సరిపోతేనే ఆ పదకొండూ సరుకును ఒప్పుకుంటాయి.

పాస్‌వర్డుల విషయంలో కఠినంగా ఉండండి. నిక్స్ స్టోర్‌ను ఆ యంత్రంలో లాగిన్ అయిన ప్రతివారూ చదవగలరు. కాన్ఫిగరేషన్ ఫైలులో వైఫై పాస్‌వర్డు రాస్తే, మీ రెండో సంవత్సరం విద్యార్థి ఒక్క వెతుకులాటతో దాన్ని పట్టుకుంటాడు. గిలకొట్టిన పాస్‌వర్డు రాసినా అది కూడా అందరికీ కనబడేదే. ఏజ్‌నిక్స్ లేదా సాప్స్-నిక్స్ వాడండి. రహస్యాన్ని ఆయా యంత్రాల ఎస్‌ఎస్‌హెచ్ బహిరంగ తాళంచెవులతో గూఢపరిచి గిట్‌లో పెడతారు. యంత్రం తన సొంత తాళంచెవితో దాన్ని విప్పుకుని, స్టోర్ బయట, మెమరీలో ఉంచుకుంటుంది. యంత్రాన్ని మళ్లీ మొదటి నుంచి వేస్తే ఆ తాళంచెవి మారిపోతుందనీ, అప్పుడు రహస్యాలను కొత్త తాళంచెవికి మళ్లీ గూఢపరచాలనీ మరిచిపోకండి.

పాత జనరేషన్లు డిస్కు నింపుతాయి. ముప్పై రోజులు దాటినవాటిని వారానికోసారి తీసేసేలా ఉమ్మడి ఫైలులోనే రాయండి. బూట్ మెనూలో పది జనరేషన్ల దాకా చాలు. బూట్ భాగం చిన్నదిగా ఉన్న యంత్రాల్లో, అది నిండిపోయి కొత్త రూపం ఎక్కకపోవడం నేను చూశాను. కొత్త విడుదలలు మే, నవంబరు నెలల్లో వస్తాయి, ఒక్కోదానికి సుమారు ఏడు నెలల మద్దతు ఉంటుంది. మే నెల విడుదలను వేసవి సెలవుల్లో వేసుకోండి. నవంబరుది సంక్రాంతి సెలవులు దాటకుండా చూసుకోండి, పాతదాని మద్దతు అప్పటికి ముగిసిపోతుంది.

చివరగా, ఏ యంత్రంలోకీ లాగిన్ అయి చేత్తో సరిచేయకండి. పరీక్ష మధ్యలో తప్పనిసరై చేస్తే, అదే సాయంత్రం ఆ మార్పును ఫైలులో రాసేయండి. మీ తరువాత ఆ ల్యాబ్‌కు వచ్చేవారు మిమ్మల్ని చూడకపోవచ్చు, ఆ ఫైలును చదువుతారు.

ప్రశ్న: మా లైబ్రరీలో తొమ్మిది నిక్స్‌ఓఎస్ యంత్రాలు ఉన్నాయి. పాఠకులు తెలుగులో టైపు చేయాలని అడుగుతున్నారు. ఒక్కోదానిలో విడిగా సెట్ చేయాలా?
— ఒక గ్రంథపాలకురాలు, వరంగల్

జవాబు: అక్కర్లేదు. ఉమ్మడి ఫైలులో రెండు చోట్ల రాస్తే తొమ్మిదింటికీ వెళ్తుంది. ఫాంట్ల జాబితాలో లోహిత్ తెలుగు గానీ నోటో ఫాంట్లు గానీ చేర్చండి. ఇన్‌పుట్ పద్ధతిగా ఐబస్‌ను ఎంచుకుని, దానికి ఎం17ఎన్ ఇంజిన్ కలపండి. ఆ ఇంజిన్‌లో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటు ఉన్నవారికి ఆర్‌టీఎస్ ఉంది. రెండూ కనబడేలా పెట్టండి, పెద్దవాళ్లు ఒకటి అడుగుతారు, పిల్లలు ఇంకొకటి. మార్పు చేరాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఐబస్ కొత్త లాగిన్‌తోనే సరిగా మొదలవుతుంది. తెలుగులో రాయాలని వచ్చిన పాఠకుడు కీబోర్డు కుదరక వెళ్లిపోకూడదు, కాబట్టి పాఠకులకు చెప్పే ముందు మీరే కూర్చుని ‘క్షేత్రజ్ఞుడు’ అని రెండు పద్ధతుల్లోనూ టైపు చేసి చూడండి. ఒత్తులు సరిగా పడితే పని అయినట్టే.

ప్రశ్న: అద్దెకు తీసుకున్న దూరపు సర్వరులో డెబియన్ లినక్స్ ఉంది. దాని దగ్గరికి వెళ్లకుండానే నిక్స్‌ఓఎస్‌గా మార్చగలమా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మార్చగలం. నిక్స్‌ఓఎస్-ఎనీవేర్ అనే సాధనం ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వెళ్లి, నడుస్తున్న లినక్స్ నుంచే కెఎక్సెక్ అనే పద్ధతిలో తాత్కాలిక ఇన్‌స్టాలర్‌లోకి దూకుతుంది. ఆపైన డిస్కో అనే తోడు సాధనం మీరు రాసిన ప్రకారం డిస్కును విభజిస్తుంది. అంటే పాత డిస్కులోనిది మొత్తం పోతుంది. బ్యాకప్ తీసి, దాన్ని ఇంకో యంత్రంలో తెరిచి చూశాకే మొదలుపెట్టండి. మీ కాన్ఫిగరేషన్‌లో మీ ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవి ఉందా, నెట్‌వర్క్ చిరునామా సరిగా ఉందా అన్నది ఇంట్లో ఒక వర్చువల్ యంత్రంలో ముందు పరీక్షించండి. పాత ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ తాళంచెవులు అలాగే ఉండాలనుకుంటే, వాటిని ముందే కాపీ చేసుకుని అదనపు ఫైళ్లుగా ఆ సాధనానికే ఇవ్వవచ్చు, కొత్త డిస్కులో వాటి చోట్లలో పెడుతుంది.